నలభై వేల పెట్టెలో ముప్పై నాలుగు రూపాయల సినిమా

తూర్పు వాకిలి: ఉప్పల్, నాచారం ముచ్చట్లు – 17వ భాగం

గత వారం వీసీఆర్ రాత్రుల గురించి చెప్పుకున్నాం. అద్దెకు తెచ్చిన పెట్టెను తెల్లారేసరికి తిరిగి ఇచ్చేయాలి కాబట్టి, ఒక్క రాత్రిలో మూడు నాలుగు సినిమాలు లాగించి, మర్నాడు ఎర్ర కళ్లతో డ్యూటీకి పోయిన రోజులవి. ఆ అద్దె పెట్టె పోయి సొంత పెట్టె వచ్చిన కథ ఈ వారం. అయితే అది సినిమా పెట్టె అని చెప్పుకుంటూ రాలేదు. పిల్లల ఆటవస్తువు వేషంలో గుమ్మం దాటింది.

ఒక్కడే ముగ్గురు

నాచారం అనగానే పాతవాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి పారిశ్రామికవాడ, రెండోది రామకృష్ణా సినీ స్టూడియోస్. ఎన్టీ రామారావు ఆ స్టూడియోను 1976లో నెలకొల్పారు. అక్కడ తీసిన ‘దానవీరశూర కర్ణ’ 1977 జనవరి 14న సంక్రాంతికి విడుదలైంది. కృష్ణ నటించిన ‘కురుక్షేత్రం’ కూడా అదే రోజు థియేటర్లలో దిగింది. రెండూ భారతకథలే, రెండూ భారీ సినిమాలే. పందెం అంత గట్టిది కాబట్టి రామారావు పనంతా తన నెత్తినే వేసుకున్నారు. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే. తెర మీద కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఆయనే. అంత పెద్ద సినిమా 43 రోజుల్లో పూర్తయిందని నేటికీ చెప్పుకుంటారు. ముగ్గురు చేయాల్సిన పని ఒక్కడే చేస్తే కాలమూ కలిసొస్తుంది, ఖర్చూ కలిసొస్తుంది.

ఈ లెక్క నాచారం మధ్యతరగతి ఇళ్లకు కొత్తేమీ కాదు. హాలులోని దివాన్ పగలు సోఫా, రాత్రి మంచం, లోపల దుప్పట్లు దాచే పెట్టె. డైనింగ్ టేబుల్ సాయంత్రం పిల్లల చదువు బల్ల, ఆదివారం ఇస్త్రీ బల్ల. ఏ వస్తువు కొన్నా ‘ఇంకా దేనికి పనికొస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఆ స్టూడియో తలుపులు తెరిచిన ముప్పై ఏళ్లకు, ఆ చుట్టుపక్కల ఇళ్ల హాళ్లలోకి ఒక నల్లటి పెట్టె వచ్చి ఆ ప్రశ్నకు మూడు జవాబులు చెప్పింది. పిల్లలకు ఆట, నాన్నకు సినిమా, అమ్మకు పాటల సీడీ. త్రిపాత్రాభినయం మళ్లీ నాచారానికే వచ్చింది.

చదువు పేరుతో సినిమా

ఆ పెట్టె దాకా రావాలంటే అంతకు ముందరి మెట్లు ఒకసారి ఎక్కి రావాలి.

నాచారం దాటి మల్లాపూర్ మీదుగా ఉత్తరానికి పోతే ఈసీఐఎల్. 1967లో మొదలైన ఆ కేంద్ర ప్రభుత్వ సంస్థకు ఆద్యుడు అయ్యగారి సాంబశివరావు. పక్కనున్న ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. అణుశక్తి విభాగానికి కావాల్సిన పరికరాలు, కంప్యూటర్లు, ఆ తర్వాత ఓటింగ్ యంత్రాలు తయారుచేసిన ఆ సంస్థ ఒకప్పుడు టీవీలు కూడా చేసింది. ‘ఈసీ టీవీ’ అంటే అప్పట్లో ఇంటికొక హోదా. ఇలా చూస్తే తూర్పు హైదరాబాద్‌లో ఒక చివర సినిమా తయారవుతుంటే, మరో చివర దాన్ని ఇంట్లో చూపించే పెట్టె తయారయ్యేది.

1990ల చివర్లో కంప్యూటర్లు ఇళ్లలోకి వచ్చాయి. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం కాలనీల్లో చాలా ఇళ్లలో కంప్యూటర్ కొన్న కారణం ఒక్కటే చెప్పేవారు: పిల్లల చదువు. తెచ్చిన వారానికే ఆ చదువుల పెట్టెలో సినిమా ఆడేది. కారణం వీడియో సీడీ. 1993లో సోనీ, ఫిలిప్స్, జేవీసీ, మత్సుషితా కలిసి ఖరారు చేసిన పద్ధతి అది. పాటల సీడీ ఎంత ఉంటుందో అంతే డిస్కు. దాని మీద బొమ్మను అడ్డంగా 352, నిలువునా 288 చుక్కలకు కుదించి పరిచేవారు. ఒక డిస్కు మీద పట్టేది సుమారు 74 నిమిషాల సినిమా.

ఈ 74 నిమిషాల లెక్క తెలుగు సినిమాకు భలే కుదిరింది. రెండున్నర గంటల సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. మొదటి డిస్కు అయిపోగానే ఇంటర్వెల్. అమ్మ టీ పెట్టడానికి లేచేది, నాన్న డిస్కు తుడిచేవాడు. నాలుగు గంటలకు కాస్త తక్కువ నడిచే ‘దానవీరశూర కర్ణ’కైతే ఆ లెక్కన నాలుగో డిస్కు కూడా పెట్టాల్సిందే. అమెరికాలో పెద్దగా అంటని వీసీడీ ఆసియా అంతటా పాకిపోయింది. ఎంతగా అంటే, సోనీ తన మొదటి ప్లేస్టేషన్‌లో ఆసియా కోసమే ఒక తెల్లటి మోడల్ చేసి, దానికి వీసీడీ ఆడించే శక్తి ఇచ్చింది. ఆట పెట్టెకు సినిమా వేషం వేయించాలన్న ఆలోచనకు ఆసియా ఇళ్ల అలవాటు కూడా ఒక కారణమని ఆ తెల్ల పెట్టె సాక్ష్యం చెబుతుంది.

క్యాసెట్టు ఊది పెట్టిన చేతులు

అప్పటికి మన వీధుల్లో వీడియో గేమ్ అంటే వేరే సంగతి. లిటిల్ మాస్టర్, సమురాయ్ లాంటి పేర్లతో దొరికిన చవక పెట్టెలు, మారియో, కాంట్రా, క్యాసెట్టు పట్టకపోతే నోటితో ఊది మళ్లీ గుచ్చడం. ఆ పెట్టెలు సినిమా ఆడించలేవు. అందుకే ఇంట్లో వాటికి గౌరవం లేదు. పరీక్షలు రాగానే బీరువా మీదికి ఎక్కేవి.

1994 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలైన మొదటి ప్లేస్టేషన్ క్యాసెట్టు బదులు సీడీతో నడిచింది. ఆట కోసం పెట్టిన సీడీ డ్రైవ్ పాటల సీడీ కూడా చదువుతుంది. ఆ రెండో వేషం ఎంత బాగా పండిందంటే, దాని తొలి మోడల్‌ను చాలా ఏళ్ల తర్వాత కూడా సంగీత ప్రియులు వెతికి మరీ కొన్నారు. వెనక ఎరుపు, తెలుపు ఆడియో పిన్నులు నేరుగా ఉండేవి కాబట్టి వైరు తెచ్చి ఆంప్లిఫయర్‌కు గుచ్చేస్తే సరిపోయేది.

అసలు మలుపు రెండో ప్లేస్టేషన్, అంటే పీఎస్2. 2000 మార్చి 4న జపాన్‌లో విడుదలైంది, ధర 39,800 యెన్‌లు. డీవీడీ ఆడిస్తుంది. అప్పటికి జపాన్‌లో విడి డీవీడీ ప్లేయర్లే ఖరీదైన వస్తువులు. దాంతో చాలామంది ఆట కోసమని కొని సినిమాకు వాడారు. ‘ది మేట్రిక్స్’ డీవీడీ ఆ పెట్టెతో పాటే అక్కడ విపరీతంగా అమ్ముడైంది. పోటీదార్లకు ఈ సూక్ష్మం ఆలస్యంగా తలకెక్కింది. మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన ఎక్స్‌బాక్స్‌లో డీవీడీ చూడాలంటే విడిగా రిమోట్ కిట్ కొనాలి. నింటెండో గేమ్‌క్యూబ్‌లోని చిట్టి డిస్కు డ్రైవ్‌లో సినిమా డీవీడీ పట్టనే పట్టదు. పీఎస్2 తన జీవితకాలంలో 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే అందులో డీవీడీ వాటా చిన్నది కాదు.

మన దగ్గర పీఎస్2 సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి, గల్ఫ్ నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల నుంచి ఉప్పల్‌కు చేరింది. అప్పుడు ప్రతి ఇంట్లో జరిగిన వాదన దాదాపు ఒకటే. “గిది ఆటల డబ్బా గాదా? సదువు ఆగమైతది” అని అమ్మ. “ఆట ఒక్కటే గాదు మమ్మీ, సినిమాలు గూడ వస్తయి, డీవీడీ ప్లేయర్ కొనే పని తప్పుతది” అని కొడుకు. డీవీడీ ప్లేయర్ మాట వినగానే పేపర్ వెనక నుంచి నాన్న తల బయటికి వచ్చేది. కేసు అక్కడే గెలిచినట్టు.

గెలిచిన కొడుక్కు చిక్కు ఆ సాయంత్రమే ఎదురయ్యేది. ఇంట్లో డబ్బాల కొద్దీ పోగైన వీసీడీల్లో ఒకటి తీసి నాన్న పెట్టెలో పెడతాడు. ఆడదు. పీఎస్2కు డీవీడీ వచ్చు, పాటల సీడీ వచ్చు, వీసీడీ మాత్రం రాదు. ఎంపీ3 పాటల డిస్కు కూడా రాదు. కోఠి గుజరాతీ గల్లీలో చవకగా దొరికే చైనా ప్లేయర్ గీతలు పడ్డ డిస్కునైనా, వీసీడీనైనా, ఎంపీ3నైనా కిక్కురుమనకుండా ఆడించేస్తుంది. అందుకే చాలా ఇళ్లలో టీవీ కింద రెండు పెట్టెలూ ఉండిపోయాయి. ఒకటి దొర, ఒకటి కూలీ.

1,176 సినిమాల ఖరీదు

ఇప్పుడు అసలు పాత్ర ప్రవేశం. పీఎస్3 జపాన్‌లో, అమెరికాలో 2006 నవంబర్‌లో, భారతదేశంలో 2007 ఏప్రిల్‌లో విడుదలైంది. ఇక్కడ ధర 39,990 రూపాయలు. అప్పటికి మన మార్కెట్లో ఎక్స్‌బాక్స్ 360 ఉంది. 2006 సెప్టెంబర్‌లోనే వచ్చిన దాని పూర్తి మోడల్ 23,990 రూపాయలు. పదహారు వేలు ఎక్కువ పెట్టి పీఎస్3 ఎందుకు కొనాలి? సోనీ చెప్పిన జవాబు ఒక్క మాటలో: బ్లూ-రే.

డిస్కు మీద సమాచారం సూక్ష్మమైన గుంటల రూపంలో ఉంటుంది. వాటిని చదివే లేజర్ కాంతి తరంగం ఎంత పొట్టిదైతే గుంటలు అంత చిన్నవిగా, అంత దగ్గరగా పరచవచ్చు. సీడీ లేజర్ 780 నానోమీటర్లు, డీవీడీది 650, బ్లూ-రేది 405. నీలి ఛాయలో ఉండే ఆ లేజర్ వల్లే ఆ పేరు. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు పడితే, ఒక పొర బ్లూ-రేలో 25 పడతాయి. రెండు పొరలైతే 50. ఆ నీలి లేజర్ తయారీ అప్పట్లో ఖరీదైన వ్యవహారం. 2006లో అమెరికాలో వచ్చిన తొలి శామ్‌సంగ్ బ్లూ-రే ప్లేయర్ ధర 999 డాలర్లు. పీఎస్3 అక్కడ 499, 599 డాలర్లకు వచ్చింది. సోనీ ఒక్కో పెట్టె మీద నష్టపోతూ అమ్మింది. పెట్టె మీద పోయింది ఆటల డిస్కుల మీద రాబట్టుకోవడం ఆ వ్యాపారం తీరు. ఆటలు కొనకుండా సినిమాలు మాత్రమే చూసిన కొనుగోలుదారు ఆ లెక్కలో పైచేయి సాధించినట్టే.

సోనీ ఆ నష్టం భరించడానికి పాత గాయం కూడా కారణం. 1975లో తెచ్చిన బీటామ్యాక్స్ క్యాసెట్టును జేవీసీ వారి వీహెచ్ఎస్ ఓడించింది. గత వారం మనం చెప్పుకున్న అద్దె వీసీఆర్‌లు చాలావరకు ఆ గెలిచిన జాతివే. ఈసారి ఎదురుగా తోషిబా నడిపిస్తున్న హెచ్‌డీ డీవీడీ ఉంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కి ఆ డ్రైవ్‌ను విడిగా అమ్మింది. విడిగా అమ్మేదాన్ని అవసరమైనవాడే కొంటాడు. సోనీ పెట్టెలోనే పెట్టేసింది కాబట్టి, ఆట కోసం కొన్న ప్రతివాడి ఇంట్లోనూ అడక్కుండానే బ్లూ-రే ప్లేయర్ చేరిపోయింది. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు మొగ్గింది. ఫిబ్రవరి 19న తోషిబా కాడి కింద పడేసింది.

ఉప్పల్‌లో మాత్రం ఆ యుద్ధం వేరేలా వినిపించింది. ఇక్కడ తెలుగు సినిమా బ్లూ-రే మీద అరుదు. షాపుల్లో వేలాడేది వీసీడీలు, డీవీడీలే. సరిగ్గా అప్పుడే, సీడీలు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ సినిమా వ్యాపారంలోకి దిగి ధరలను నేలకు దించింది. వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు. కిరాణా కొట్టులో సబ్బు కొన్నట్టు సినిమా కొనుక్కునే కాలం వచ్చింది. దొంగ డిస్కు బేరం చేసేవాడికి కూడా అసలు డిస్కు అందుబాటులోకి వచ్చింది.

ఒక లెక్క వేసి చూడండి. ఒక పీఎస్3 డబ్బుతో అలాంటి డీవీడీలు 1,176 కొనవచ్చు, ఇంకా ఆరు రూపాయలు మిగులుతాయి. రోజుకొక సినిమా చూసినా మూడేళ్లకు పైగా సరిపోతాయి. అయినా జీతాలు పెరుగుతున్న ఇళ్లు పీఎస్3 కొన్నాయి. నలభై వేల పెట్టె కొని, అందులో ముప్పై నాలుగు రూపాయల సినిమా వేసుకున్నాయి. పైకి వెర్రిగా కనిపించే ఈ పనిలో ఒక తెలివి ఉంది.

ఒక చుక్క ఐదైన వైనం

2007 నాటికి హాళ్లలో లావు పిక్చర్ ట్యూబుల టీవీలు పోయి సన్నటి ఎల్‌సీడీలు దిగుతున్నాయి. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ధోనీ సేన టీ20 ప్రపంచకప్ గెలవడం, మరుసటి ఏడాది ఐపీఎల్ మొదలవడం, సొంత జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలవడం ఆ ఊపును పెంచాయి. ఉప్పల్ స్టేడియంలో 2005 నవంబర్ 16న భారత్, దక్షిణాఫ్రికా వన్డేతో అంతర్జాతీయ క్రికెట్ మొదలైంది. స్టేడియం పక్కనే ఉన్నా టిక్కెట్ దొరకని వాళ్లకు కొత్త టీవీయే స్టేడియం.

కొత్త టీవీలో మ్యాచ్ పెట్టగానే ముఖం ముడుచుకునేవారు. బొమ్మ అలికినట్టు ఉండేది. తప్పు టీవీది కాదు. వచ్చేది పాత అనలాగ్ కేబుల్. హైదరాబాద్‌లో కేబుల్ డిజిటల్‌గా మారాల్సిన గడువు 2013 మార్చి 31. అప్పటిదాకా చాలా ఇళ్లలో పెద్ద తెర ఉంది, దాని ఆకలికి తగిన తిండి లేదు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం స్టిక్కర్ కూడా తీయకుండా ఖాళీగా ఉండేది. ఆ రంధ్రంలోకి వెళ్లే వైరు ఇంట్లో ఒక్క పీఎస్3కే ఉంది.

డీవీడీ బొమ్మ మన పాల్ పద్ధతిలో 720 అడ్డం, 576 నిలువు. అంటే 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర 1,920 అడ్డం, 1,080 నిలువు. అంటే 20,73,600 చుక్కలు. సరిగ్గా ఐదు రెట్లు. డీవీడీ ఇచ్చే ఒక్కో చుక్కకు బదులు తెర మీద ఐదు కావాలి. మిగతా నాలుగూ ఎవరో ఊహించి నింపాలి. ఈ ఊహించే పనినే అప్‌స్కేలింగ్ అంటారు. చవక ప్లేయర్ పసుపు పిన్ను వైరులో అరకొర బొమ్మ పంపిస్తే, టీవీ దాన్ని లాగి సాగదీసేది. పీఎస్3 ఆటలకోసం పెట్టుకున్న శక్తిమంతమైన చిప్పుతో పక్క చుక్కల్ని బేరీజు వేసి, అంచుల్ని చక్కదిద్ది, హెచ్‌డీఎంఐ గుండా పంపించింది. ముప్పై నాలుగు రూపాయల డిస్కు బ్లూ-రే కాలేదు. కానీ ‘అలికినట్టు’ అన్న ఫిర్యాదు ఆగింది. పాత మాయాబజార్‌కు ఉతికిన పంచె కట్టినట్టయింది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఈ అప్‌స్కేలింగ్ పెట్టెతో పాటు రాలేదు. 2007 మేలో, అంటే మన దేశంలో అమ్మకం మొదలైన నెలకు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలో ఉచితంగా వచ్చింది. నెట్ లేని ఇళ్ల కుర్రాళ్లు ఆ ఫైలును ఇంటర్నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకుని తెచ్చేవారు. కొన్న వస్తువు కొన్న రోజు నుంచి పాతబడటమే తెలిసిన ఇళ్లలో, కొన్నాక మెరుగుపడే వస్తువు ఒక వింత. 2008లో మరో అప్‌డేట్‌తో ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే కొత్త తరహా బ్లూ-రేలు, 2010 సెప్టెంబర్‌లో త్రీడీ బ్లూ-రేలు ఆడించడం కూడా అదే పెట్టె నేర్చుకుంది. ముందు కొన్న విడి ప్లేయర్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు.

శబ్దం సంగతీ అంతే. కొంచెం స్తోమత ఉన్నవాళ్లు ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్ ఉన్న హోమ్ థియేటర్ సెట్ తెచ్చి మూలమూలనా మేకులు కొట్టి బిగించారు. పీఎస్2 నుంచి ఆప్టికల్ వైరు, పీఎస్3 నుంచి హెచ్‌డీఎంఐ. నాచారం అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాటుకూ మనకూ మధ్య ఉండేది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. మన హాల్లో రైలు వెళ్తే వాళ్ల వంటింట్లో గిన్నెలు కదిలేవి. పది దాటాక కాలింగ్ బెల్ మోగితే ఎవరొచ్చారో చూడక్కర్లేదు, ఊఫర్ తగ్గించి తలుపు తీయడమే.

వేషగాడి కష్టాలు

మూడు వేషాలు వేసేవాడికి ఏ వేషంలోనో ఒకచోట కిరీటం జారక తప్పదు.

మొదటిది రిమోట్. పీఎస్3కు మామూలు ఇన్‌ఫ్రారెడ్ కన్ను లేదు. అంతా బ్లూటూత్. ఇంట్లో ఉన్న ఏ రిమోట్ చూపించినా పలకదు. దాని సొంత బ్లూటూత్ రిమోట్ విడిగా కొనాలి. కొననివాళ్లు ఆట ఆడే కంట్రోలర్‌తోనే సినిమా నడిపేవారు. గుండ్రం, చతురస్రం, త్రికోణం, ఇంటూ గుర్తుల్లో ఏది నొక్కితే ఆగుతుందో తెలియక, ఫోన్ మోగగానే నాన్న కొడుకును కేకేసేవాడు. కొడుకు చదువు పేరుతో ఏ అమెరికాకో వెళ్లిపోయిన ఇళ్లలో ఆ కేక అంతర్జాతీయ కాల్ అయింది.

రెండోది ప్రాంతాల గొడవ. సినిమా కంపెనీలు ప్రపంచాన్ని గీతలు గీసి పంచుకున్నాయి. డీవీడీలకు అమెరికా ఒకటో ప్రాంతం, మనం ఐదో ప్రాంతం. బ్లూ-రేలకు అమెరికా ‘ఏ’, ఐరోపా ‘బీ’, మనం ‘సీ’. పీఎస్3లో ఆటల డిస్కులు ఏ దేశానివైనా ఆడతాయి. అదే పెట్టెలో అమెరికా నుంచి అల్లుడుగారు తెచ్చిన బ్లూ-రే పెడితే ప్రాంతం తప్పు అంటూ తిప్పికొట్టవచ్చు. పైగా పెట్టె ఎక్కడిదన్నది మరో తిరకాసు. ఇక్కడ షోరూంలో కొన్నది ‘సీ’, దుబాయ్ నుంచి వచ్చింది ‘బీ’, సింగపూర్ నుంచి వచ్చింది ‘ఏ’. ఒకే వీధిలో మూడు ఇళ్లు, మూడు దేశాల పౌరసత్వం. డిస్కు ఇచ్చి పుచ్చుకునే ముందు ‘మీది ఏ దేశం పెట్టె?’ అని అడగాల్సి వచ్చేది.

మూడోది కరెంటు. తొలి పీఎస్3 పవర్ సప్లై సామర్థ్యం 380 వాట్లు. 2009లో వచ్చిన సన్న మోడల్‌కు అది 250కి తగ్గింది. అంత వేడిని బయటికి తోయడానికి లోపలి ఫ్యాన్ విమానంలా మోగేది. మే నెలలో టీవీ స్టాండ్ అద్దాల తలుపు వెనక దాన్ని బంధిస్తే ఇక చెప్పేదేముంది. రాష్ట్రం కరెంటు కోతలతో సతమతమైన ఆ ఏళ్లలో మరో చిక్కు. పీఎస్3 డిస్కును ట్రేలో కాకుండా సన్నటి చీలికలోంచి లోపలికి మింగుతుంది. కరెంటు పోతే డిస్కు దాని కడుపులోనే. వీడియో లైబ్రరీకి తిరిగి ఇవ్వాల్సిన డిస్కైతే, కరెంటు వచ్చేదాకా రెండో రోజు అద్దె లెక్క నడుస్తూనే ఉంటుంది.

నాలుగోది దుమ్ము. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ రోడ్డు వెంట ఉన్న ఇళ్లలో ఉదయం తుడిచిన బల్ల మీద సాయంత్రం పేరు రాయొచ్చు. వేడిని లాగే ఫ్యాన్ దుమ్మునూ లాగుతుంది. వేడి పెరిగే కొద్దీ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, అది తిరిగే కొద్దీ దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. సీరియస్ సినిమాలో హీరోయిన్ గుసగుసలాడుతుంటే కింద నుంచి ఫ్యాన్ సంగీతం. అందుకే ఆ ఇళ్లలో టేబుల్ క్లాత్ కుట్టగా మిగిలిన గుడ్డతో ఆట పెట్టెకు ముసుగు వెలిసింది. సినిమా ముందు ముసుగు తీయడం మర్చిపోతే మాత్రం కథ వేరు.

నగరం చేసిన ఆట

ఈ కథలో హైదరాబాద్ కొనుగోలుదారుగానే మిగిలిపోలేదు. 2009లో పీఎస్2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట విడుదలైంది. ప్లేస్టేషన్ వేదిక మీద పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ఆటగా దానికి పేరు. చేసింది హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది గిల్లీదండా వంటి మన ఆటలతో ‘దేశీ అడ్డా’ తెచ్చిన గేమ్‌శాస్త్ర కూడా హైదరాబాద్ సంస్థే. ప్రపంచమంతా పీఎస్3కి మారుతున్న ఏళ్లలో ఇక్కడ పీఎస్2 ఆటలు తయారవడం వెనక ఒక నిజం ఉంది. భారతీయ ఇళ్లలో అప్పటికీ ఎక్కువగా ఉన్నది ఆ పాత పెట్టే. దాని తయారీని సోనీ ఆపింది 2013 ప్రారంభంలో, పుట్టిన పన్నెండేళ్ల పైచిలుకుకు.

నాచారంలో పురాణాన్ని సినిమాగా తీసిన ముప్పై రెండేళ్లకు, అదే నగరంలో పురాణం ఆటగా మారింది. రెండింటినీ ఒకే పీఎస్2లో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసుకోగలిగిన ఇళ్లు అప్పట్లో మన ఉప్పల్‌లో ఉన్నాయి.

ఒక వేషం వదిలేసిన నటుడు

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. పీఎస్4 మన దేశంలోకి 2014 జనవరిలో, అదే 39,990 రూపాయలకు వచ్చింది. బ్లూ-రే ఆడిస్తుంది, పాటల సీడీ మాత్రం పట్టించుకోదు. అమ్మ పాత్ర అక్కడ కట్ అయింది. 2016లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ 4కే బ్లూ-రే ఆడిస్తే, అదే ఏడాది వచ్చిన పీఎస్4 ప్రో ఆడించలేకపోయింది. బ్లూ-రేను గెలిపించిన సోనీయే ఆ మలుపులో వెనకబడటం ఒక విడ్డూరం.

అయితే 2016లో అసలు మార్పు డిస్కుల దగ్గర జరగలేదు. జనవరిలో నెట్‌ఫ్లిక్స్, సెప్టెంబర్‌లో జియో, డిసెంబర్‌లో అమెజాన్ ప్రైమ్ వీడియో వచ్చాయి. 2020లో తెలుగుకే సొంతమైన ‘ఆహా’ వచ్చింది. సినిమా గాలిలో నడిచి ఇంటికొస్తుంటే డిస్కు కోసం షాపుకెవరు పోతారు? ముప్పై నాలుగు రూపాయలకు సినిమా అమ్మిన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఒప్పో 2018లో, శామ్‌సంగ్ 2019లో బ్లూ-రే ప్లేయర్ల నుంచి తప్పుకున్నాయి. విడి ప్లేయర్లు కరువైన కొద్దీ, డిస్కు ఆడించాలనుకునే కొద్దిమందికి మళ్లీ ఆట పెట్టే దిక్కయింది.

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైంది. రెండు రకాలు. డిస్కు డ్రైవ్ ఉన్నది 49,990 రూపాయలు, లేనిది 39,990. ఆ ధరను ఒకసారి గుర్తుపట్టండి. పద్నాలుగేళ్ల కిందట ఆట, సినిమా, పాట మూడూ ఇచ్చిన పెట్టె ధర అది. 2021లో అంతే డబ్బుకు వచ్చిన పెట్టెకు డిస్కు పెట్టే చీలికే లేదు. 2024లో ప్రపంచ మార్కెట్‌కు వచ్చిన పీఎస్5 ప్రోలోనైతే డ్రైవ్ ఉన్న మోడల్ అన్నదే లేదు. కావాలంటే విడిగా కొని తగిలించుకోవాలి. ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవ్ విడిగా అమ్మి మైక్రోసాఫ్ట్ ఓడిపోయిన పద్ధతి అదే.

కొన్న డిస్కు మనది. మనం చూడమన్నప్పుడు చూపిస్తుంది, పక్కింటికి అరువిస్తే వెళ్తుంది, చెల్లెలి అత్తారింట్లో ఆరేళ్లుండి తిరిగొస్తుంది. యాప్‌లో ఉన్న సినిమా హక్కుల గడువు తీరితే చెప్పకుండా మాయమవుతుంది. అయినా డిస్కుల అట్టపెట్టెను ఇంకా దాచుకున్న ఇళ్లు తక్కువ. నాచారంలో ఈ మధ్య ఒక సందులో నడుస్తూ తలెత్తి చూస్తే, మూడో అంతస్తు బాల్కనీ గ్రిల్‌కు దారాలు కట్టి వేలాడదీసిన డిస్కులు కనిపించాయి. పావురాల కోసం. గాలికి తిరిగినప్పుడల్లా ఎదురు గోడ మీద రంగుల మరక పరిగెత్తుతోంది, పావురాలు ఎగిరి పక్క బాల్కనీలో వాలుతున్నాయి. ఒక డిస్కు మీద సినిమా పేరు సగం చెరిగి ఇంకా ఉంది. పెట్టె ఒక వేషం వదిలేస్తే, డిస్కు ఒక కొత్త వేషం కట్టింది.

*వచ్చే వారం: ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఆగిన బస్సులు, ఎక్కిన ఊళ్లు*